సోలార్ సర్టిఫికెట్ డబ్బుతో ప్లాంటు ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు లేవదు

సోలార్ ప్లాంటు మీటరు వెయ్యి యూనిట్లు తిరిగేసరికి అమ్ముకోవడానికి రెండు సరుకులు తయారవుతాయి. ఒకటి కరెంటు. గ్రిడ్‌లో కలిసిపోయాక దానికీ బొగ్గు కరెంటుకీ తేడా పట్టడం ఎవరి తరమూ కాదు. రెండోది, ఈ వెయ్యి యూనిట్లూ ఎండ నుంచి పుట్టినవని చెప్పుకునే హక్కు. ఆ హక్కుకు ఒక సీరియల్ నంబరు వేసి, రిజిస్ట్రీలో ఉత్పత్తిదారుడి ఖాతాకు జమ చేస్తే అదే పునరుత్పాదక ఇంధన సర్టిఫికెట్. వాడుకలో ఆర్‌ఈసీ అంటారు. అమెరికాలోనూ, మన దేశంలోనూ, ఆస్ట్రేలియాలోనూ కొలత ఒకటే: ఒక మెగావాట్ అవర్‌కు, అంటే వెయ్యి యూనిట్లకు, ఒక సర్టిఫికెట్. ఐరోపాలో దీనికి పూచీపత్రం అన్న అర్థం వచ్చే వేరే పేరుంది గానీ, లెక్క అదే.

కరెంటును ఒకరికి, సర్టిఫికెట్‌ను మరొకరికి అమ్ముకోవచ్చు. రెండూ కలిపి ఒకరికే కట్టబెట్టనూ వచ్చు. సర్టిఫికెట్ కొన్నవాడు దాన్ని తన లెక్కలో వాడుకున్న రోజున అది రిజిస్ట్రీలో రద్దవుతుంది. ఆ తర్వాత దాన్ని ఇంకెవరూ అమ్మలేరు, కొనలేరు. పెళ్లి భోజనం టోకెన్ లాంటిదే: ఒకసారి విస్తరి ముందు కూర్చున్నాక దాని పని అయిపోయినట్టు.

ఇంతవరకు చిక్కేమీ లేదు. ఈ కాగితం అమ్మితే వచ్చే డబ్బుతో కొత్త సోలార్ ప్లాంట్లు లేస్తాయా అని అడిగినప్పుడే అసలు పేచీ మొదలవుతుంది. లేస్తాయని ఒక వర్గం, అదంతా కంటితుడుపని ఇంకో వర్గం వాదిస్తుంటాయి. రెండు వాదనలకూ రుజువులు ఉన్నాయి. తేడా ఎక్కడుందంటే, సర్టిఫికెట్ ఎంత ధర పలుకుతోంది అన్నదాని కంటే, ప్లాంటుకు పునాది తీయకముందే ఆ ధర ఎన్నేళ్లకు ఖాయమైంది అన్నదే ఫలితాన్ని తేలుస్తుంది.

కొనేవాడు ఎందుకు కొంటాడు

సర్టిఫికెట్ కొనేవాళ్లు రెండు రకాలు. మొదటి రకం చట్టం మెడ మీద కూర్చున్నవాళ్లు: కరెంటు పంపిణీ సంస్థలు (వాడుకలో డిస్కంలు), సొంత విద్యుత్ ప్లాంట్లు ఉన్న పెద్ద పరిశ్రమలు. వాళ్లు అమ్మే లేదా వాడే కరెంటులో ఇంత శాతం పునరుత్పాదకం ఉండాలని ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అమెరికాలో ఇలాంటి నిబంధన మొదట 1983లో అయోవా రాష్ట్రం పెట్టింది. 1999లో టెక్సాస్ దానికి సర్టిఫికెట్ల కొనుగోలు, అమ్మకం జోడించింది. బ్రిటన్ 2002లో తన పద్ధతి మొదలుపెట్టింది. మన దేశంలో 2010 జనవరిలో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి నిబంధనలు తెచ్చింది, 2011 మార్చిలో విద్యుత్ ఎక్స్ఛేంజీల్లో అమ్మకాలు మొదలయ్యాయి. రెండో రకం, ఎవరూ అడగకపోయినా 'మాది హరిత కంపెనీ' అని చెప్పుకోవడానికి స్వచ్ఛందంగా కొనేవాళ్లు.

మొదటి రకం మార్కెట్‌లో ధరకు పైకప్పు వేసేది జరిమానా. సర్టిఫికెట్ తేలేకపోతే ఒక్కోదానికి ఇంత అని కట్టాలి కాబట్టి, జరిమానా కంటే ఎక్కువ పెట్టి ఎవరూ కొనరు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఆస్ట్రేలియాలో లోటు రుసుము సర్టిఫికెట్‌కు 65 డాలర్లు. అయినా కొన్నేళ్లు మార్కెట్ ధర 65 దాటి 80ల దాకా పోయింది. కారణం పన్ను లెక్క. సర్టిఫికెట్ కొంటే అది ఖర్చు కింద చూపించి పన్ను తగ్గించుకోవచ్చు. జరిమానా కడితే ఆ వెసులుబాటు లేదు. 30 శాతం కార్పొరేట్ పన్ను కట్టే సంస్థకు 65 డాలర్ల జరిమానా, సుమారు 93 డాలర్ల సర్టిఫికెట్‌తో సమానం.

బ్రిటన్ జరిమానాను ఇంకో తీరుగా నడిపింది. లోటు ఉన్న సంస్థలు కట్టిన డబ్బునంతా ఒక నిధిలో వేసి, సర్టిఫికెట్లు సమర్పించిన సంస్థలకే తిరిగి పంచింది. దాంతో సర్టిఫికెట్ విలువ జరిమానా కంటే కూడా పైకి పోయేది. కానీ లక్ష్యం పూర్తిగా నెరవేరిన ఏడాది ఆ నిధి ఖాళీ అవుతుంది, సర్టిఫికెట్లు మిగిలిపోతే వాటిని అడిగేవాడే ఉండడు. ఈ గండం రాకూడదనే, ఏటా రాబోయే ఉత్పత్తి అంచనా కంటే లక్ష్యాన్ని కొంచెం పైకి పెట్టే నియమం తర్వాత చేర్చారు.

ఇక జరిమానా ఉందని చట్టంలో రాసి, వసూలు చేయకపోతే? అప్పుడేమవుతుందో మన దేశం చూసింది. దాని సంగతి తర్వాత.

బ్యాంకు మేనేజరు బల్ల దగ్గర

సోలార్ ప్లాంటుకు ఖర్చంతా ముందే. ఇంధనం ఉచితం, కూలీ తక్కువ. పెట్టుబడిలో పెద్ద భాగం అప్పు. అందుకే ఏ ఆదాయమైనా ప్లాంటును కట్టించాలంటే ముందు బ్యాంకు దాన్ని ఆదాయంగా ఒప్పుకోవాలి.

లెక్క తేలిక కావడానికి కరెంటు అమ్మకం మీద ఏడాదికి వచ్చేది 100 అనుకుందాం. పలకలు కడగడం, కాపలా, బీమా, ఇన్వర్టర్ మరమ్మతు కలిపి 15 పోతే మిగిలేది 85. బ్యాంకు ఆ 85 మొత్తాన్నీ వాయిదాగా తీసుకోదు. మబ్బు పట్టిన ఏడాదైనా వాయిదా ఆగకూడదని, మిగులు వాయిదాకు కనీసం 1.3 రెట్లు ఉండాలంటుంది. 85ని 1.3తో భాగిస్తే 65. అంటే ఏడాదికి 65 వాయిదా పడే అప్పు మాత్రమే పుడుతుంది.

ప్లాంటు పూర్తి కావడానికి 75 వాయిదా పడేంత అప్పు కావాలనుకుందాం. 10 తక్కువ. ఇప్పుడు సర్టిఫికెట్ల వంక చూద్దాం. ఇవాళ్టి మార్కెట్ ధరకు వాటి మీద ఏడాదికి 20 వస్తాయని తేలింది. 85కి 20 కలిపితే 105, 1.3తో భాగిస్తే దాదాపు 81. అప్పు సరిపోవడమే కాదు, ఇంకా మిగిలింది. ప్రమోటర్ సంబరపడతాడు.

మేనేజరు మాత్రం ఒకే ప్రశ్న వేస్తాడు: 'ఈ 20 పదేళ్ల తర్వాత కూడా వస్తుందని ఎవరు రాసిచ్చారు?' ఎవరూ రాసివ్వకపోతే ఆయన కాగితం మీద ఆ 20 సున్నా అవుతుంది. వచ్చినప్పుడు ప్రమోటర్ జేబులోకి పోతుంది గానీ అప్పు లెక్కలోకి రాదు. అదే సమయంలో ఒక పంపిణీ సంస్థ పన్నెండేళ్ల ఒప్పందం మీద సర్టిఫికెట్లన్నీ 13కే కొంటానంది అనుకోండి. 85కి 13 కలిపితే 98, 1.3తో భాగిస్తే 75. ప్లాంటు లేస్తుంది. ఊగిసలాడే 20 చేయలేని పని, ఖాయమైన 13 చేసింది. మొత్తం విషయంలో ఇంతకంటే ముఖ్యమైన లెక్క లేదు.

మధ్యస్థంగా కూడా దారులున్నాయి. మూడు నుంచి ఐదేళ్ల సర్టిఫికెట్లను గంపగుత్తగా ముందస్తు ధరకు అమ్మేయడం అమెరికా మార్కెట్లలో మామూలే. ఎంత దూరపు సంవత్సరమైతే అంత తక్కువ ధర పలుకుతుంది, ఎందుకంటే కొనేవాడు చట్టం మారే ప్రమాదాన్ని కూడా నెత్తికెత్తుకుంటున్నాడు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు చేసుకునే పది, పదిహేనేళ్ల విద్యుత్ కొనుగోలు ఒప్పందాల్లో సర్టిఫికెట్ కరెంటుతో కలిసే పోతుంది. దానికి విడిగా ధర కట్టరు గానీ, ఆ కంపెనీ సంతకం పెట్టడానికి కారణమే అది.

కూలిన ధరలు

ఇండియాలో సోలార్ సర్టిఫికెట్‌కు మొదట నియంత్రణ మండలి కనీస ధర 12,000 రూపాయలు, గరిష్ట ధర 17,000 పెట్టింది. 2012 ఏప్రిల్ నుంచి అవి 9,300, 13,400 అయ్యాయి. ఆ ఏడాది తొలి సోలార్ సర్టిఫికెట్లు గరిష్ట ధరకు దగ్గర్లోనే అమ్ముడుపోయాయి. కనీస ధర లెక్కేసినా యూనిట్‌కు 9 రూపాయల పైన అదనం! కరెంటును డిస్కంకు సగటు కొనుగోలు ధరకు ఇచ్చి, పైన ఇది తెచ్చుకోవచ్చని చాలామంది ప్లాంట్లు పెట్టారు.

2013లోనే ధర కనీస స్థాయికి పడింది. అక్కడి నుంచి ఇంకా కిందికి పోవడానికి వీల్లేదు కదా, మరి నష్టమేమిటి? ధర ఆగింది, అమ్మకం కూడా ఆగింది. డిస్కంలు తమ వాటా కొనకుండా 'వచ్చే ఏడాది చూద్దాం' అంటూ వాయిదా కోరాయి, చాలా రాష్ట్రాల నియంత్రణ మండళ్లు సరేనన్నాయి. అందరూ కనీస ధరకే అమ్మకానికి పెట్టారు కాబట్టి ఎక్స్ఛేంజీ ఉన్న కొద్దిపాటి గిరాకీని అందరికీ దామాషాగా పంచేది. నెలాఖరు బుధవారం వేలం ముగిశాక చూసుకుంటే, వంద పెట్టినవాడికి పట్టుమని పది కూడా పోని నెలలు ఎన్నో. ఖాతాలో సర్టిఫికెట్లు పేరుకుపోతుంటాయి, బ్యాంకు వడ్డీ మాత్రం నెలనెలా పడుతుంటుంది. కనీస ధర అనేది కొనేవాడు ఉన్నప్పుడే రక్షణ.

2015 జనవరిలో కనీస ధరను 3,500కు తగ్గించారు. 9,300 నమ్ముకుని కట్టిన పాత ప్లాంట్లు మునిగిపోకుండా ప్రతి వెయ్యి యూనిట్లకూ 2.66 సర్టిఫికెట్లు ఇచ్చారు. 9,300ను 3,500తో భాగిస్తే వచ్చే సంఖ్యే అది. ఆదాయం కాగితం మీద నిలబడింది. కానీ అమ్ముడుపోక పేరుకున్న గుట్ట మీదికి ఇంకో రెండింతలు వచ్చి చేరాయి. 2017లో కనీస ధర 1,000కి దిగింది. 2020లో దాన్ని సున్నా చేస్తూ ఉత్తర్వులు వస్తే ఉత్పత్తిదారులు అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లారు. 2020 జులై నుంచి 2021 నవంబరు దాకా అమ్మకాలే నిలిచిపోయాయి. చివరికి 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలు కనీస, గరిష్ట ధరలు రెండూ ఎత్తేశాయి. సర్టిఫికెట్ అమ్ముడుపోయేదాకా చెల్లుతుందన్నాయి. సోలార్‌కు వెయ్యి యూనిట్లకు ఒకటి, జల విద్యుత్‌కు ఒకటిన్నర, బయోమాస్‌కు రెండున్నర చొప్పున ఇవ్వడం మొదలైంది.

అమెరికాలో న్యూజెర్సీ కథ ఇంకో రకం. అక్కడ జరిమానా గట్టిగానే వసూలు చేశారు. సోలార్‌కు విడిగా వాటా పెట్టారు. 2011లో సోలార్ సర్టిఫికెట్ 600 డాలర్లు దాటింది. ఆ ధర చూసి, ఫెడరల్ పన్ను రాయితీ తోడై, పలకల ధరలు కూడా పడిపోవడంతో అందరూ ఎగబడి కట్టారు. ఒక్క ఏడాదిలో సరఫరా లక్ష్యాన్ని మించింది, 2012లో ధర 100 డాలర్ల లోపుకు జారింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. లక్ష్యం 10 అయితే 9 సర్టిఫికెట్లు ఉన్నప్పుడు ధర జరిమానా దగ్గర ఉంటుంది. 11 ఉన్నప్పుడు దాదాపు నేలకు దిగుతుంది. మధ్యలో మెట్లు లేవు. ఉల్లిపాయ మార్కెట్ కూడా ఇంత దారుణంగా ఉండదు, ఎందుకంటే ఉల్లి చవకైతే ఇంకొంచెం ఎక్కువ తింటాం. సర్టిఫికెట్ చవకైందని చట్టం చెప్పినదానికి మించి ఏ డిస్కమూ కొనదు.

ఆస్ట్రేలియా చేసిన పొరపాటు చేతులారా చేసుకున్నది. ఇళ్ల మీది సోలార్‌ను పెంచాలని 2009 జూన్ నుంచి మొదటి 1.5 కిలోవాట్లకు ఐదు రెట్లు సర్టిఫికెట్లు ఇచ్చారు. ఐదింటిలో నాలుగింటి వెనక ఒక్క యూనిట్ కరెంటు కూడా లేదు. జనం వాటిని దెయ్యపు సర్టిఫికెట్లన్నారు. ఇవన్నీ పెద్ద గాలిమరల సర్టిఫికెట్లతో ఒకే గంపలో కలవడంతో ధర పడి, పెద్ద ప్రాజెక్టుల పెట్టుబడి ఆగింది. 2011 జనవరి 1న పెద్దవీ చిన్నవీ రెండు పథకాలుగా విడదీశాకే కుదుటపడింది.

ఊగిసలాట ఆపడానికి చేసినవి

మసాచుసెట్స్ 2010లో ఒక తెలివైన ఏర్పాటు చేసింది. అమ్ముడుపోని సర్టిఫికెట్లను ఏడాది చివర 300 డాలర్ల స్థిర ధరకు వేలం వేసేవారు. 5 శాతం రుసుము పోగా 285 చేతికొచ్చేవి. మిగులు ఎంత పేరుకుంటే మరుసటి లక్ష్యం అంత పెరిగేలా సూత్రం రాశారు. ఇది పూర్తి హామీ కాకపోయినా బ్యాంకులు పట్టుకోవడానికి ఒక అంకె దొరికింది.

న్యూజెర్సీ చివరికి మార్కెట్‌నే వదులుకుంది. రాష్ట్రంలో అమ్మే కరెంటులో సోలార్ వాటా 5.1 శాతం చేరగానే పాత పథకం మూయాలన్న చట్టం ప్రకారం 2020 ఏప్రిల్ 30తో కొత్త దరఖాస్తులు ఆపేసి, దాని స్థానంలో 15 ఏళ్లపాటు స్థిర ధర ఇచ్చే సర్టిఫికెట్లు తెచ్చింది. పేరు సర్టిఫికెటే అయినా లోపలిది స్థిర ధరే. బ్యాంకు మేనేజరు మొదట అడిగిందీ అదే.

అన్నిటిలోకీ సామాన్యుడికి అందేది ఆస్ట్రేలియా చిన్న ప్లాంట్ల పద్ధతి. అక్కడ ఇంటి మీది సోలార్‌కు ఏటా మీటరు చూసి సర్టిఫికెట్ ఇవ్వరు. 2030 దాకా ఎంత ఉత్పత్తి చేస్తుందో అంచనా కట్టి, బిగించిన రోజునే మొత్తం ఇచ్చేస్తారు. సిడ్నీ ప్రాంతానికి కిలోవాట్‌కు 1.382 గుణకం. 2025లో 6.6 కిలోవాట్లు బిగిస్తే 6.6ని 1.382తోనూ, మిగిలిన 6 ఏళ్లతోనూ హెచ్చించాలి: 54.7. భిన్నం వదిలేసి 54 సర్టిఫికెట్లు. ఇంటి యజమాని వాటిని బిగించిన సంస్థకే రాసిచ్చి, ఆ మేరకు బిల్లులో తగ్గింపు తీసుకుంటాడు. భవిష్యత్తు ఆదాయం ఇవాళే నగదైపోయింది, బ్యాంకు ప్రసక్తే లేదు. ఏటా ఒక ఏడాది తగ్గుతూ పోతుంది కాబట్టి ఆలస్యం చేసినవాడికి తక్కువ వస్తాయి.

మీటరు దగ్గర పోయే డబ్బు

ధరల గురించి ఎంత మాట్లాడుకున్నా, చాలా ప్లాంట్లలో సర్టిఫికెట్లు పోయేది మార్కెట్‌లో కాదు, మీటరు గదిలోనూ దరఖాస్తు దగ్గరా.

ఒక మెగావాట్ ప్లాంటు తన పూర్తి సామర్థ్యంలో ఏడాది సగటున 19 శాతం నడిస్తే 16,64,400 యూనిట్లు. అంటే 1,664 సర్టిఫికెట్లు. మిగిలిన 400 యూనిట్లు తర్వాతి లెక్కలో కలుస్తాయి. పలకలు ఏటా అర శాతం చొప్పున మందగిస్తాయి కాబట్టి పదో ఏట సుమారు 1,590కి తగ్గుతాయి. ఈ తరుగు వేయకుండా పాతికేళ్లూ 1,664 అని రాసిన ప్రాజెక్టు రిపోర్టును బ్యాంకు మొదటి పేజీలోనే పట్టేస్తుంది.

రెండోది కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తి, అంటే తీగలోని పెద్ద కరెంటును మీటరు కొలవగలిగేంతకు ఆ పరికరం ఎన్నో వంతుకు తగ్గిస్తుందన్నది. బిగించినది 400/5 అయి, మీటరులో 200/5 అని అమర్చి ఉంటే నమోదయ్యేది సగమే. ఇన్వర్టర్ తెర మీద ఒక అంకె, మీటరులో అందులో సగం. రెంటినీ నెలనెలా పక్కపక్కన పెట్టి చూసేవాడు లేకపోతే ఏడాది గడిచాక గానీ బయటపడదు. పాత నెలల సర్టిఫికెట్లు వెనక్కి రాబట్టడం దాదాపు అసాధ్యం. ఇన్వర్టర్ లెక్కకూ మీటరు లెక్కకూ మధ్య తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్‌లో పోయే రెండు మూడు శాతం తేడా మామూలే. అంతకు మించితే సీలు విప్పించి చూడాల్సిందే.

మూడోది గడువు. మన దేశంలో ముందు రాష్ట్ర సంస్థ దగ్గర గుర్తింపు, తర్వాత దేశ గ్రిడ్‌ను నడిపే జాతీయ లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో నమోదు కావాలి. ఆపైన నెలనెలా రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్ ధ్రువీకరించిన ఉత్పత్తి నివేదికతో దరఖాస్తు చేయాలి. నమోదుకు ముందు పుట్టిన కరెంటుకు సర్టిఫికెట్ రాదు. మార్చి నెలాఖరుకు ప్లాంటు ప్రారంభించి, కాగితాలు తీరిగ్గా ఆగస్టులో పెట్టినవాడు మంచి ఎండకాలపు ఉత్పత్తినంతా వదులుకున్నట్టే. అన్నీ సక్రమంగా ఉన్నా కరెంటు పుట్టిన రోజుకూ సర్టిఫికెట్ డబ్బు బ్యాంకులో పడే రోజుకూ మధ్య రెండు మూడు నెలలు పడుతుంది. ఆ మేరకు చేతిలో నగదు ఉంచుకోవాలి.

నాలుగోది అర్హత. అదే కరెంటును ప్రోత్సాహక ధరకో, డిస్కం తన పునరుత్పాదక వాటాలో చూపుకునే ఒప్పందం మీదో అమ్మితే దానికి సర్టిఫికెట్ ఇవ్వరు. ఒకే పాలకు రెండుసార్లు డబ్బు అడిగినట్టవుతుంది కదా.

స్వచ్ఛంద కొనుగోళ్ల సంగతి

జరిమానా భయం లేని మార్కెట్‌లో ధరలు చాలా తక్కువ. అమెరికాలో చాలా ఏళ్లు ఈ రకం సర్టిఫికెట్ ఒక డాలర్ లోపే దొరికింది. వెయ్యి యూనిట్లకు డాలరంటే పైన వేసిన లెక్కలోని 20కి దరిదాపుల్లోకి కూడా రాదు. ఎప్పుడో కట్టి అప్పు తీరిపోయిన ప్లాంటుకు ఇది చిల్లర ఆదాయం. ఇలాంటి సర్టిఫికెట్లు కొన్న కంపెనీ కొత్త సోలార్ ప్లాంటుకు నిధులిచ్చానని చెప్పుకుంటే నమ్మనక్కర్లేదు. నార్వేలో ఎన్నో దశాబ్దాల నాటి జల విద్యుత్ కేంద్రాల పత్రాలు కొని ఐరోపాలోని ఇతర దేశాల్లో హరిత కరెంటుగా అమ్మడం మీద వచ్చిన విమర్శ కూడా ఇదే. అదే కంపెనీ ఇంకా కట్టని ప్లాంటుతో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుంటే సంగతి పూర్తిగా వేరు.

అమ్మినవాళ్లు కూడా ఒక తప్పు తరచూ చేస్తారు. పైకప్పు మీది సోలార్ సర్టిఫికెట్లన్నీ అమ్మేసి, గుమ్మం ముందు 'ఈ భవనం సౌరశక్తితో నడుస్తోంది' అని బోర్డు పెడతారు. హక్కు అమ్మేశాక ఆ మాట చెప్పుకునే అర్హత కొన్నవాడిదే. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2012లో సవరించిన మార్గదర్శకాల్లో దీన్ని వినియోగదారుల్ని తప్పుదోవ పట్టించడంగానే పేర్కొంది.

ఒప్పందంలో వెతకాల్సిన వాక్యాలు

కరెంటు కొనుగోలు ఒప్పందంలో సర్టిఫికెట్లు ఎవరివో రాయకుండా వదిలేయడం తరచుగా జరుగుతుంది. పాత ఒప్పందాల్లో ఈ మాటే లేక, సర్టిఫికెట్లకు విలువ వచ్చాక ఇరుపక్షాలూ కోర్టుకెక్కిన సందర్భాలున్నాయి. ఇవాళ ఉన్నవే కాదు, రేపు ప్రభుత్వం ఇంకో పేరుతో తెచ్చే సర్టిఫికెట్లు, కార్బన్ హక్కులు ఎవరికి చెందుతాయో కూడా ఉండాలి. చట్టం మారితే నష్టం ఎవరిదో ఒక వాక్యం కావాలి. అది లేకపోతే కొనేవాడు ధర పడిన మర్నాడే బేరానికి వస్తాడు.

అన్నిటికంటే కీలకం, ఎన్ని ఇస్తానని మాటిచ్చారన్నది. 'ఏడాదికి 1,600 సర్టిఫికెట్లు ఇస్తాను' అని రాసుకున్న ప్లాంటులో ఇన్వర్టర్ రెండు నెలలు పాడైతే, తక్కువైనవాటిని మార్కెట్‌లో కొని ఇవ్వాలి. ఆ ఏడాది ధర జరిమానా దగ్గరుంటే ఏడాది లాభం అందులోనే పోతుంది. 'ప్లాంటు ఉత్పత్తి చేసినన్ని, ఏడాదికి 1,600 మించకుండా' అని రాసుకుంటే ఆ బరువు కొనేవాడి మీదికి పోతుంది. అందుకు అతను ధర కాస్త తగ్గించి అడుగుతాడు. ఒకటే ప్లాంటు ఉన్న చిన్న ఉత్పత్తిదారుడు ఆ తగ్గింపుకు ఒప్పుకోవడమే మంచిది.